‘తను’ అంటే ఎవరండీ?

మన తెలుగు సినిమాలో మనిషిని పోల్చుకోవడమంత తేలికైన పని ఇంకోటి లేదు. గళ్ళ లుంగీ, మెడలో ఎర్ర రుమాలు, బుగ్గ మీద గాటు కనిపిస్తే రౌడీ. పట్టు డ్రెస్సింగ్ గౌనులో, నోట్లో పైపుతో మేడ మెట్లు దిగుతూ దగ్గితే హీరోయిన్ తండ్రి. కుట్టుమిషను ముందు కూచుని సూదిలోకి దారం ఎక్కించలేక కళ్ళు నులుముకుంటుంటే హీరోగారి తల్లి. సిగరెట్టు ముట్టించిన ఆడమనిషి కనిపించిందా, అర రీలు తిరిగేలోగా క్లబ్బులో పాట ఖాయం. డైరెక్టరు నోరు విప్పనక్కర్లేదు, ఎవరు ఎవరో కాస్ట్యూమరే చెప్పేస్తాడు. నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా అందరికీ అర్థమయ్యే భాష అది.

ఇంత పకడ్బందీగా సర్దిన ట్రంకుపెట్టెలో ఒక్క వేషం మాత్రం చాలాకాలం లేదు. ఆడమనిషిని ప్రేమించే ఆడమనిషి వేషం. పాత్రే లేనప్పుడు బట్టలెవరు కుట్టిస్తారు! తీరా రాయాల్సిన రోజులొచ్చాక మనవాళ్ళు హడావిడిగా పక్కింటి నుంచి అరువు తెచ్చుకున్నారు. కత్తిరించిన జుట్టు, జీన్సు ప్యాంటు, మగవాళ్ళ చొక్కా, బైకు, వేళ్ళ మధ్య సిగరెట్టు, మగాడి పేరెత్తితే చిటపట. ఇదొక రకం. రెండో రకానికి అసలు బట్టల ఖర్చే తక్కువ. ఆ రకం ఎవరి కోసం తీస్తారో మీకు తెలుసు, నాకు తెలుసు, పోస్టరు అంటించే కుర్రాడికీ తెలుసు.

సరే, ఆ మొదటి రకం కొలబద్ద చేతపట్టుకుని ఒక శనివారం సాయంత్రం మా నల్లగండ్లకి దయచేయండి. లింగంపల్లి స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే వచ్చేస్తారు. ఒకప్పుడు చెరువూ, పొలాలూ, బండరాళ్ళూ వున్న వూరు. ఇప్పుడు ఆ చెరువుకి అద్దం పట్టినట్టు నిలబడ్డ అపార్టుమెంట్లు, వాటి గేట్లు, గేట్ల దగ్గర రిజిస్టర్లు. ఓ పక్క సెంట్రల్ యూనివర్సిటీ, ఇంకో పక్క తెల్లాపూర్, పొద్దున లేస్తే గచ్చిబౌలి వైపు పరుగు. మాల్లో సినిమాహాళ్ళ ముందు క్యూ చూడండి. ఆడపిల్లల్లో చాలామందికి జీన్సే. హైదరాబాదు నీళ్ళకి జుట్టు రాలిపోతోందని సగంమంది మెడదాకా కత్తిరించేశారు. చేతికి పెద్ద డయలు గడియారం, కాళ్ళకి పరుగు పందెం బూట్లు, భుజాన ఆఫీసు సంచి. స్కూటీ తోలేవాళ్ళు కొందరు, బుల్లెట్ తోలేవాళ్ళు ఒకరిద్దరు. సినిమావాళ్ళ లెక్క ప్రకారం చూస్తే మా నల్లగండ్ల మొత్తం లెస్బియన్లే అయివుండాలి! ఆ క్యూలో నూటికి తొంభైమంది ఇంటర్వెల్లో మొగుడితోనో, కాబోయేవాడితోనో పాప్‌కార్న్ కోసం దెబ్బలాడుతుంటారు సుమండీ.

అదే క్యూలో వెనకాల కంచి పట్టుచీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని, అత్తగారిని నెమ్మదిగా నడిపించుకుంటూ వచ్చే ఇల్లాలు వుందే, ఆమె మనసులో ఎవరున్నారో చెప్పగల మొనగాడెవరు? ఆమెకేసి ఎవరూ చూడరు. చూసినా చీర అంచు చూస్తారు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పేస్తాను, దాచుకుని రాయడం ఇబ్బంది. నాకు నడుం దాకా జడ వుంది. ప్రెస్ మీట్లకి కాటన్ చీరలు కట్టుకుని వెళతాను. సిగరెట్టు వాసన పడదు. బైకు వెనక కూచోడానికే భయం. అయినా నేను ప్రేమించేది ఆడవాళ్ళనే. ఈ విలేఖరి ఉద్యోగంలో దశాబ్దం గడిచినా ఒక్క పీఆర్వోగారికీ అనుమానం రాలేదు. పైగా మంచి సంబంధాలున్నాయని ఫొటోలు పంపుతుంటారు పాపం. మా కాలనీలో నన్ను తప్ప అందర్నీ అనుమానిస్తారు. ముఖ్యంగా మూడో బ్లాకులో బాడ్మింటన్ కోచ్‌గారిని. ఆవిడకి ఇద్దరు పిల్లలు, పిచ్చి ప్రేమగా చూసుకునే మొగుడు.

అసలు మగవేషానికీ ఈ ప్రేమకీ ముడిపెట్టడం మన అలవాటు కూడా కాదు. సురభి నాటకాల్లో ఆడవాళ్ళు మగవేషాలు కట్టేవారు, జనం దణ్ణాలు పెట్టేవారు. 1935లో ‘నందనార్’ చిత్రంలో నందనార్‌గా నటించింది కె.బి. సుందరాంబాళ్. 1941లో ‘సావిత్రి’ చిత్రంలో నారదుడెవరనుకున్నారు? ఎమ్మెస్ సుబ్బులక్ష్మి! గడ్డమూ మీసమూ లేకపోయినా నారదుడు నారదుడే. ఇక 1957 నాటి ‘మాయాబజార్’ సంగతి మీకు చెప్పాలా? ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించాక సావిత్రి నడిచిన నడక, తొడ చరచబోయి ఆపుకున్న తీరు... తెలుగు తెర మీద ఒక ఆడమనిషి అంత దర్జాగా మగవాడైన సందర్భం ఇంకోటి నాకు గుర్తులేదు. ఇంటిల్లిపాదీ నవ్వారు, ఇప్పటికీ నవ్వుతున్నారు. ఎవరూ ఇంకో అర్థం తీయలేదు. 1990లో ‘కర్తవ్యం’ వచ్చినప్పుడు విజయశాంతి ఖాకీ తొడుక్కుని లాఠీ పట్టుకుంటే ఉత్తమ నటిగా జాతీయ అవార్డు ఇచ్చారు. అప్పుడూ తీయలేదు.

అసలు విడ్డూరం 1965 నాటి ‘ప్రమీలార్జునీయం’. మగపురుగు అడుగుపెట్టని స్త్రీ రాజ్యం. రాణి నుంచి కాపలా దాకా అందరూ ఆడవాళ్ళే, కత్తులూ డాళ్ళూ పట్టుకుని. అంతమందిలో ఒక్కతె పక్కమ్మాయి వంక ఓరచూపు చూసిందా? అబ్బే. యాగాశ్వం వెనకాల అర్జునుడు వచ్చేదాకా రాజ్యం రాజ్యమంతా ఎదురుచూస్తూ కూచుంది. మన కథకులకి తట్టని ఊహ అంటూ వుంటే అదే.

ఈ ముడి ఎక్కడో పడమట వేసుకున్నారు. 1928లో ఇంగ్లండులో రాడ్‌క్లిఫ్ హాల్ అనే రచయిత్రి రాసిన ‘ది వెల్ ఆఫ్ లోన్లీనెస్’ నవల మీద అశ్లీలం కేసు నడిచింది. ఆవిడ పొట్టి క్రాఫు, మగకోటు ఉన్న ఫొటోలు పత్రికలనిండా పడ్డాయి. ‘అలాంటివాళ్ళు’ ఎలా వుంటారో పాఠకులకి ఒక బొమ్మ దొరికింది. 1930లో హాలీవుడ్ ‘మొరాకో’ చిత్రంలో మార్లిన్ డీట్రిచ్ మగవాళ్ళ సూటు, టోపీ వేసుకుని పాట పాడి, ప్రేక్షకుల్లో కూచున్న ఒకావిడని ముద్దు పెట్టుకుంది. ఆ సూటు ఇంకా దిగలేదు. తొంభై ఏళ్ళుగా ఒకరి తర్వాత ఒకరు తొడుక్కుంటూనే వున్నారు. అయితే ఒక మాట. ఆ దేశాల్లో ఆడవాళ్ళు కొందరు ఆ సూటుని కావాలనే తొడుక్కున్నారు. ఎదుటివాళ్ళు గుర్తుపట్టడానికి. చీకట్లో అగ్గిపుల్ల గీసినట్టు. వాళ్ళకది వేషం కాదు, కబురు. క్రాఫు, చొక్కా నిజంగానే ఇష్టపడి వేసుకునేవాళ్ళు మన వూళ్ళలోనూ వున్నారు. వాళ్ళని ‘మగరాయుడు’ అని ఏడిపించేవాళ్ళకి నా జడ చూపించి మార్కులు కొట్టేయాలని నాకేం లేదు. వాళ్ళు దెబ్బలు తిన్నారు గనకే నేను దాక్కోగలిగాను.

మాట వచ్చింది గనక చెబుతున్నాను. మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళని వెక్కిరించడానికి మన కామెడీ ట్రాకు ‘తేడా’ అనే మాటని అరగదీసింది. ఆడవాళ్ళకి ఆ పాటి తిట్టు కూడా లేదు! వార్తల్లో ‘స్వలింగ సంపర్కులు’ అని రాస్తారు. అది ప్రేమ మాటా, ఆసుపత్రి చీటీ మాటా? తిట్టు లేకపోవడం సుఖమే కదా అంటారేమో. పేరు లేనిదాన్ని పిలవలేం. పదహారేళ్ళ పిల్ల తన సంగతి తనకి తాను చెప్పుకోవాలంటే నోట్లో మాట వుండాలి కదండీ.

తెలుగు తెర మీద ఆ మాట పలికిన సినిమాల్లో చెప్పుకోదగ్గది 2018లో ప్రశాంత్ వర్మ తీసిన ‘అ!’. నాని నిర్మాత. రాధగా ఈషా రెబ్బా, కృష్‌గా నిత్యా మీనన్. కూతురు ప్రేమించిన ‘కృష్’ని చూద్దామని తల్లిదండ్రులు హోటలుకి వస్తారు. కుర్రాడి కోసం చూస్తుంటే వచ్చింది కృష్ణవేణి. హాల్లో జనం మొదట నవ్వారు, తర్వాత నిశ్శబ్దమయ్యారు. ఆ నిశ్శబ్దం నాకు బాగా నచ్చింది. రాధాకృష్ణులని పేర్లు పెట్టడంలో కొంటెతనమూ నచ్చింది. కానీ చివరికి తేలేదేమిటి? ఆ పాత్రలన్నీ కాజల్ అగర్వాల్ పోషించిన మరో అమ్మాయి మనసులో పుట్టిన మనుషులే. ఇన్నాళ్ళకి మంచి జంట ఒకటి దొరికిందనుకుంటే, వాళ్ళు కాపురముంటున్నది ఇంకొకరి తలకాయలో! నాలుగేళ్ళ తర్వాత 2022లో రామ్ గోపాల్ వర్మ అప్సరా రాణి, నైనా గంగూలీలతో తీసిన చిత్రం తెలుగులో ‘మా ఇష్టం’ అనే పేరుతో వచ్చింది. పెద్ద మల్టీప్లెక్సు సంస్థలు రెండు ప్రదర్శించమన్నాయని దర్శకుడే ప్రకటించాడు. ఆపడం తప్పే. ప్రచార చిత్రాలు చూశాక నాకు తోచింది మాత్రం ఇది: ఆ అమ్మాయిలిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం మానేసి మనకేసి చూస్తున్నారు.

హిందీలో దీపా మెహతా ‘ఫైర్’ తీసింది 1996లో. ఇక్కడ విడుదలైంది 1998 చివర్లో. షబానా ఆజ్మీ, నందితా దాస్ అందులో ఢిల్లీలో ఒకే ఇంటి తోడికోడళ్ళు. చీరలు, బొట్లు, వంటిల్లు, కర్వాచౌత్ వుపవాసం. క్రాఫు లేదు, బైకు లేదు. థియేటర్ల మీద రాళ్ళు పడింది అందుకేనని నా అనుమానం. వాళ్ళు ప్యాంట్లు వేసుకుని వుంటే ‘ఫారిన్ రోగం’ అని చప్పరించేసేవారు. తన ఇంట్లో చపాతీలు వత్తే మనిషిలా వుండేసరికి భయమేసింది. ఆ డిసెంబరులోనే ఢిల్లీ రీగల్ సినిమా ముందు కొవ్వొత్తులు పట్టుకుని జనం నిలబడ్డారు. ఆ గుంపులో ఒక అట్ట మీద, భారతీయురాలిని, లెస్బియన్‌ని అని రెండు మాటలూ పక్కపక్కన రాసివున్నాయి. ఫొటో దేశమంతా తిరిగింది. మొహం చూసి ఎవరూ పోల్చుకోలేని మనుషులు అట్ట చూసి ఒకరినొకరు వెతుక్కున్నారు.

మన వనపర్తి సంస్థానం మనవరాలు, హైదరాబాదులో పుట్టిన అదితి రావ్ హైదరీని మీరు ‘సమ్మోహనం’లో చూసేవుంటారు. ఆమెదే ‘గీలీ పుచ్చీ’ అని ఒక చిన్న చిత్రం వుంది. ‘అజీబ్ దాస్తాన్స్’ అనే నాలుగు కథల మాలికలో ఒకటి, 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, దర్శకుడు నీరజ్ ఘేవాన్. అందులో కొంకణా సేన్ శర్మ ఫ్యాక్టరీలో మిషను తిప్పే దళిత కార్మికురాలు. యూనిఫారం, మొరటు చేతులు, ముక్తసరి మాటలు. తోటి మగ కార్మికులు ఆమెని ఆడదానిలా చూడనే చూడరు. అదితి కొత్తగా చేరిన బ్రాహ్మణ కోడలు, తెల్లగా, మెత్తగా, నవ్వుతూ. ఇద్దరి మనసూ ఒకటే. కానీ చూసేవాళ్ళ కళ్ళకి ఒకతె ‘అదో రకం’, ఇంకొకతె ‘మన ఇంటి పిల్ల’. మొరటుతనం అని మనం పేరు పెట్టేది చాలాసార్లు కులమూ, కూలీ కలిసి చేతుల మీద వేసిన కాయలేనని ఈ సినిమా చూశాకే నాకు బుర్రకెక్కింది. వీలైతే చూడండి, అరగంట పైన కొంచెం. ముగింపు మాత్రం చెప్పను.

మనుషుల కళ్ళకి తెలియకపోతే పోనీ, యంత్రాలకి తెలుస్తుందా? మా నల్లగండ్లలో ఇంటికొకరు యంత్రాలకి చదువు చెబుతుంటారు గనక ఈ ప్రశ్న ఇక్కడ మామూలే. 2017లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో యిలున్ వాంగ్, మిహాల్ కొసిన్‌స్కీ అనే ఇద్దరు, అమెరికా పరిచయాల వెబ్‌సైటులో తెల్లవాళ్ళ ఫొటోలు తీసుకుని కంప్యూటరుకి చూపించారు. ఫొటోల్లో ఎవరు ఎవర్ని ప్రేమించేవాళ్ళో అది మనుషుల కంటే బాగా చెప్పిందన్నారు. పెద్ద గోల అయింది. ఆ గోలలో ఎవరూ పట్టించుకోని చిన్న అంకె ఒకటి నాకు భలే నచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళ ఫొటోలు పక్కపక్కన పెట్టి, లెస్బియన్ ఎవరో చెప్పమంటే మామూలు మనుషులు సరిగ్గా చెప్పింది నూటికి 54 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా 50 సార్లు వస్తుంది! మన కంటిచూపు విలువ ఆ మిగిలిన నాలుగు. మరుసటి ఏడు జనవరిలో గూగుల్‌కి చెందిన ఇద్దరు పరిశోధకులూ, ప్రిన్స్‌టన్ ప్రొఫెసరు అలెగ్జాండర్ తొదొరోవూ కలిసి 8000 మంది అమెరికన్లని అడిగి చూశారు. తేలిందేమంటే, యంత్రం పట్టుకున్నదని చెప్పినదాంట్లో చాలాభాగం మొహం కాదు. కంటికి పెట్టిన రంగు, కళ్ళజోడు, ఫొటో తీసుకున్న కోణం. అంటే మన కాస్ట్యూమరుగారి విద్యనే అది కోట్ల ఖర్చుతో మళ్ళీ నేర్చుకుంది.

మరి మాలో మేం ఎలా పోల్చుకుంటాం? అందరూ అడిగేది అదే. కళ్ళతో కాదు. నన్నడిగితే, తెలుగుదేశంలో మాత్రం చెవులతో.

ఇంగ్లీషువాడికి ‘అతను’, ‘ఆమె’ తప్పవు. హిందీవాళ్ళకి క్రియలో ఆడామగా తప్పవు. మన భాషలో ‘తను’ అనే మాట వుంది. ఆడో మగో చెప్పదు. గౌరవంగా ‘వచ్చారు’ అన్నా తెలియదు. మన ఆడవాళ్ళు మొగుడి పేరెత్తకుండా తరాలు గడిపారు గనక, పేరు చెప్పకపోయినా ఎవరికీ వింత తోచదు. కానీ ‘తను’తో ఒక చిక్కుంది. ‘తను వచ్చింది’ అంటే దొరికిపోతాం. ‘తను వచ్చాడు’ అంటే అబద్ధం. అందుకని ఏం చేస్తామో తెలుసా? జరిగినది చెప్పం, జరగనిది చెబుతాం. ‘తను రాలేదు.’ ‘తను ఇంకా తినలేదు.’ కాదనే మాటకి ఆడామగా లేదు కదా! లేకపోతే ‘కి’ తగిలిస్తాం. ‘తనకి జ్వరం.’ ‘తనకి శనివారం సెలవు.’ ‘తనకి ఘంటసాల పాటలంటే ప్రాణం.’ నిండు సభలో రోజంతా మాట్లాడినా పట్టుబడం. బడిలో తెలుగు మాస్టారు చెప్పిన వ్యాకరణం ఎవరికి ఎలా ఉపయోగపడుతుందో ఆయనకేం తెలుసు!

నేను ఈ వూరొచ్చిన కొత్తలో ఆడవాళ్ళ హాస్టల్లో వుండేదాన్ని. నాలుగంతస్తులు, గదికి ముగ్గురు, పొద్దున ఏడున్నరకి మెస్సులో క్యూ. ఒకరోజు నా ముందు నిలబడ్డామె, గుంటూరు వైపు యాస, రెండు చేతులా గాజులు, తడి తలకి తువ్వాలు, వంటామెతో అంటోంది: “తనకి వుప్మా పడదండీ. రాత్రంతా నిద్ర లేదు తనకి. రెండిడ్లీలు విడిగా తీసి వుంచండి, ఇంకా రాలేదు.” నాలుగు మాటల్లో ఒక్కచోట కూడా ఆడామగా లేదు! ఆడవాళ్ళ హాస్టల్లో, ఆడ రూమ్మేటు గురించి మాట్లాడుతూ ‘అది ఇంకా లేవలేదండీ’ అనడం మామూలు. ఇంత జాగ్రత్త ఎందుకు? ఆ జాగ్రత్త ఖరీదు తెలిసినవాళ్ళకే ఆ ప్రశ్న వస్తుంది. నేను ప్లేటు పట్టుకుని నెమ్మదిగా అడిగాను, “తనకి నిమ్మరసం ఇచ్చి చూశారా?” అని. ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది. ఒక్క క్షణం. తర్వాత నవ్వింది. అంతే, ఇంకేం మాట్లాడుకోలేదు ఆ రోజు. ఆ ఇద్దరూ ఇప్పుడు హుడా లేఅవుట్లో ఇల్లు అద్దెకి తీసుకున్నారు. సంక్రాంతికి నాకు అరిసెలు పంపుతారు.

ఇల్లు అద్దెకి దొరకడం తేలికేనట. బ్రహ్మచారి కుర్రాళ్ళంటే తలుపేసే ఇంటివాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళంటే లోపలికి పిలిచి మజ్జిగ ఇస్తారు. “అక్కాచెల్లెళ్ళా అమ్మా?” అంటారు. అవునంటే అవును. మొహాన రాసివుండకపోవడంలో వున్న సుఖం ఇదొక్కటే. కష్టం ఎక్కడంటే, ఒకరికి కడుపునొప్పి వచ్చి అర్ధరాత్రి ఆసుపత్రికి వెళితే, సంతకం కాగితం ముందుపెట్టి “మీరేమవుతారు?” అన్నప్పుడు. అప్పుడు ‘తను’ పనికిరాదు.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షనుని సడలించింది. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళ ప్రేమ నేరం కాదంది. 2023 అక్టోబరు 17న అదే కోర్టు పెళ్ళి హక్కు మాత్రం మేం ఇవ్వలేం అంది. 2024లో కేంద్రం, ఇలాంటి జంటలు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవచ్చు, రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్ళుగా వుండవచ్చు అని స్పష్టం చేసింది. పుస్తె లేదు గానీ బియ్యం కలిపి తెచ్చుకోవచ్చన్నమాట! నవ్వొచ్చినా కాదనను, బియ్యం చిన్న విషయం కాదు. ఆ ఏడాది డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి ఒక కేసు వచ్చింది. విజయవాడలో కలిసి వుంటున్న ఇద్దరమ్మాయిల్లో ఒకర్ని తండ్రి తీసుకుపోయి నర్సీపట్నంలో ఇంట్లో వుంచేశాడని రెండో అమ్మాయి హెబియస్ కార్పస్ వేసింది. న్యాయమూర్తులు ఆ అమ్మాయిని పిలిపించి అడిగారు. మేజరు, తనకి నచ్చినచోట, నచ్చిన మనిషితో వుండవచ్చన్నారు. పత్రికలు రాశాయి. ఆ వారమంతా మా వాళ్ళందరం ఫోన్లలో అదే మాట్లాడుకున్నాం. కలవని వాళ్ళం కూడా.

ఫోన్లంటే గుర్తొచ్చింది. ఇప్పుడు పరిచయాలకి యాప్‌లున్నాయి కదా, ఇంక పోల్చుకోవడమెందుకు అనేవాళ్ళు 2022లో వచ్చిన ‘బధాయీ దో’ మొదటి రీళ్ళు చూడాలి. భూమి పెడ్నేకర్ అందులో పీటీ టీచరు. (చూశారా, మళ్ళీ పీటీ టీచరే!) యాప్‌లో అమ్మాయనుకుని కబుర్లాడి కలవబోతే తేలింది అబ్బాయి. వాడు వెంటపడి బెదిరిస్తే పోలీస్ స్టేషనుకి వెళ్ళాల్సివచ్చింది. సినిమాలో నవ్విస్తారు. నిజంలో అలా ఇరుక్కున్న అమ్మాయిలు స్టేషనుకి కూడా వెళ్ళలేరు, అక్కడ మొట్టమొదట ఫోను చేసేది నాన్నకి గనక. కాబట్టి యాప్ వున్నా చివరికి చెవే దిక్కు. ఏడాదికోసారి ఆసరా స్వాభిమాన యాత్ర. 2013 నుంచి హైదరాబాదులో నడుస్తోంది. రంగుల గొడుగులు, డప్పులు. అక్కడ చూడాలి, ఒక్క వేషానికి ఇంకో వేషం పోలిక వుండదు. లంగావోణీ, బురఖా, క్రాఫు, ముక్కుపుడక, ఆఫీసు ఐడీ కార్డు మెళ్ళో తీయడం మర్చిపోయి వచ్చినావిడ.

మనవాళ్ళు చేయలేరా అంటే చేయగలరు. అనకాపల్లిలో పుట్టిన మన రోహిణి 2025 ఫిబ్రవరిలో వచ్చిన తమిళ చిత్రం ‘కాదల్ ఎన్బదు పొదువుడమై’లో తల్లి వేషం వేసింది. కూతురు ప్రేమించిన మనిషిని భోజనానికి పిలుస్తుంది. వచ్చింది అమ్మాయి. సినిమా చాలావరకు ఆ ఇంట్లోనే. చదువుకున్న తల్లి, ప్రపంచం తెలిసిన తల్లి, కూతురి దగ్గరికొచ్చేసరికి ఎక్కడ ఆగిపోయిందో రోహిణి కళ్ళలో చూడాలి. అమ్మాయిలిద్దరూ పక్కింటి పిల్లల్లా వున్నారు. ఇంతకంటే ఏం కావాలి? ఇది తెలుగులో ఎందుకు లేదని కృష్ణానగర్‌లో ఒక రచయితగారిని అడిగితే, “మన ఆడియన్సు గుర్తుపట్టరమ్మా, కొంచెం లుక్కు మార్చాలి,” అన్నాడు. మళ్ళీ లుక్కే!

అయ్యా, లుక్కు మార్చకుండా రాయదగ్గ సీను ఒకటి ఉచితంగా ఇస్తాను, టైటిల్సులో నా పేరు కూడా వేయక్కర్లేదు. నల్లగండ్ల చెరువుకట్ట. ఆదివారం సాయంత్రం. మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి. చుడీదార్‌లో ఒకావిడ, ముప్ఫయ్యేళ్ళుంటాయి, రెండు పొత్తులు చెప్పింది. బండామె నిప్పు విసురుతూ అడుగుతుంది, “రెండిట్లకీ కారం రాయాల్నా అక్కా?”

“ఒకదానికే. తనకి కారం పడదు.”

“సారు రాలే?”

ఆవిడ చెరువుకేసి చూస్తుంది. కట్ట మీద జనం, కుక్కల్ని తిప్పేవాళ్ళు, సైకిళ్ళు తొక్కే పిల్లలు. అందులోంచి ఒక మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఆలస్యమైనందుకు నవ్వుతూ వస్తోంది. క్లోజప్ ఎవరి మీద పెట్టాలో డైరెక్టరు ఇష్టం. డైలాగు మాత్రం మార్చొద్దు.

“సారు కాదు. అదిగో, తను వచ్చేసింది.”